హెర్డ్7 చెప్పే ఆ ఒక్క లైను: లినక్స్ మెమరీ మోడల్ చాన్నాళ్లు వాడాక

మెమరీ బ్యారియర్ (మెమరీలో రాయడం, చదవడం వరస తప్పకుండా చూసే ఆదేశం) అంటే ఏంటి, లినక్స్‌కి సొంత మెమరీ మోడల్ (ఆ వరస ఎక్కడ మారొచ్చో, ఎక్కడ మారకూడదో చెప్పే రూల్స్) ఎందుకు అన్న పాఠం ఇక్కడ చెప్పను. ఆ మోడల్ 2018లో 4.17 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్ సోర్సులోకే వచ్చేసింది. టూల్స్ కింద మెమరీ-మోడల్ ఫోల్డర్ తెరిస్తే అన్నీ ఉంటాయి. ఆ మోడల్ మీద చిన్న టెస్టు నడిపి, ఒక ఫలితం కుదురుతుందో లేదో చెప్పే టూల్ హెర్డ్7. దాన్ని ఓపామ్ అనే ప్యాకేజీ మేనేజర్‌తో ఎక్కించుకునే తంటా, ఆఫీసు ప్రాక్సీతో కుస్తీ ఎవరికైనా ఉండేవే. నాకు మోజల్లా హెర్డ్7 ఔట్‌పుట్‌లో వచ్చే అబ్జర్వేషన్ లైను మీద. నెవర్, సమ్‌టైమ్స్, ఆల్వేస్: మూడింట్లో ఒక మాట చెప్పి ఊరుకుంటుంది.

మాది బెంగళూరులో బెళ్ళందూరు దగ్గర ఆఫీసు, కెమెరా బోర్డులకి డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని నడిపే కెర్నల్ కోడ్) రాస్తాం. ఒక ఆర్మ్64 ప్రాసెసర్ బోర్డు మీద రాత్రంతా టెస్టు నడిపితే ఏదో ఒక రోజు తెల్లారేసరికి అప్లికేషన్ బిగుసుకుపోయి కనిపించేది. ఫ్రేము బఫర్లో రెడీగా కూర్చుని ఉంటుంది, దాని కోసం ఎదురుచూసే త్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) మాత్రం నిద్ర లేవదు. ఒకటి తీసుకున్నాకే ఇంకోటి అడిగే పద్ధతి కాబట్టి ఒక్క వేకప్ పోయిందంటే అంతే సంగతులు. ప్రింట్‌కే (కెర్నల్ నుంచి మెసేజ్ రాయించే ఫంక్షన్) పెట్టి చూద్దామంటే బగ్ మాయం.

కోడ్ చూస్తే నాలుగు లైన్లు. ఫ్రేము సర్దే కెర్నల్ త్రెడ్ రెడీ ఫ్లాగులో 1 రాస్తుంది, ఒక ఎస్‌ఎంపీ-డబ్ల్యూఎంబీ (రాతల మధ్య వేసే బ్యారియర్) వేస్తుంది, ఆపైన వెయిట్‌క్యూ-యాక్టివ్ (క్యూలో ఎవరైనా ఉన్నారా అని చూసే ఫంక్షన్) అడిగి ఎవరైనా పడుకుని ఉంటేనే లేపుతుంది. అవతలి త్రెడ్ ముందు క్యూలో చేరి, ఫుల్ బ్యారియర్ (రాయడానికీ చదవడానికీ రెంటికీ పనిచేసేది) దాటి, ఫ్లాగు చూసి, 0 ఉంటే పడుకుంటుంది.

"బ్యారియర్ ఉంది కదా గురూ, ఇంకేం కావాలి?" అన్నాడు మా టీమ్‌లో పెద్దాయన.

"ఉందన్నా, కానీ అది స్టోర్‌కీ స్టోర్‌కీ, అంటే రాతకీ రాతకీ మధ్యే పనిచేస్తుంది. మనకిక్కడ స్టోర్ తర్వాత లోడ్, అంటే చదవడం కదా" అన్నాను.

"అయితే స్టోర్-రిలీజ్ పెట్టేయండి, సరిపోద్ది" అని పక్క సీటు నుంచి ఇంకొకడు. స్టోర్-రిలీజ్ అంటే తన ముందున్నవన్నీ అయ్యాకే కనిపించే రాత. సాయంత్రానికి వైట్‌బోర్డు నిండా బాణాలే. ఎవరి బాణం వాళ్లకి కరెక్టు.

చివరికి కూర్చుని లిట్మస్ టెస్టు (ఒక్క ప్రశ్నకి కుదించిన చిట్టి ప్రోగ్రాం) రాశాను. రెండు ప్రాసెస్‌లు, రెండు వేరియబుల్స్. అడిగే ప్రశ్న ఒకటే: ఇద్దరూ 0 చదవడం, అంటే ఒకరు ఫ్లాగు 0 అని పడుకోవడం, ఇంకొకరు క్యూ ఖాళీ అనుకుని లేపకపోవడం కుదురుతుందా? డబ్ల్యూఎంబీతో నడిపితే "సమ్‌టైమ్స్ 1 3" అంది, అంటే ఉన్న నాలుగు ఫలితాల్లో మా బగ్ ఒకటి. స్టోర్-రిలీజ్ పెట్టినా అదే సమ్‌టైమ్స్ 1 3. ఫుల్ బ్యారియర్ అయిన ఎస్‌ఎంపీ-ఎంబీ పెట్టాక "నెవర్ 0 3". ఎంటర్ నొక్కి వేలు తీసేలోపే జవాబు. పెద్దాయన బాణాలు తుడిచేసి వెళ్లి కాఫీ తెచ్చుకున్నాడు.

అయినా "ఎక్స్86 మీద ఇవన్నీ రావులే" అని, ల్యాప్‌టాప్‌లలో ఉండే ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్ల గురించి ఒకడు గొణిగాడు. క్లిట్మస్7 అని దీనికి తోడు టూల్ ఒకటుంది, అదే టెస్టుని నిజం మెషీన్ మీద నడపడానికి కెర్నల్ మాడ్యూల్‌గా (నడిచే కెర్నల్లోకి ఎక్కించే ముక్కగా) మార్చిపెడుతుంది. అతని ల్యాప్‌టాప్ మీదే నడిపితే అక్కడా వచ్చింది. వింతేం లేదు. ఎక్స్86లో ఎస్‌ఎంపీ-డబ్ల్యూఎంబీ అంటే కంపైలర్‌కి చెప్పే మాటే, ప్రాసెసర్ దాకా ఏ ఇన్‌స్ట్రక్షనూ పోదు. స్టోర్ ఇంకా ప్రాసెసర్ లోపలి బఫర్లో ఉండగానే లోడ్ అయిపోతుంది.

వెయిట్‌క్యూ-యాక్టివ్ తీసేసి, అదే ప్రశ్న అడిగే డబ్ల్యూక్యూ-హ్యాజ్-స్లీపర్ పెట్టాం. దాని లోపలే ఎస్‌ఎంపీ-ఎంబీ ఉంది. నిజానికి ఆ హెడర్ ఫైల్లో, పాత ఫంక్షన్ నెత్తి మీదే, జాగ్రత్తగా వాడకపోతే అంతుబట్టని తప్పులు వస్తాయని కామెంటు రాసి ఉంది. మా వాళ్లు కామెంటు చదివి నమ్మే రకం కాదు, నెవర్ అని కనిపిస్తే నమ్మారు.

ఇంతా పొగిడాక చెప్పాల్సినవి కొన్ని మిగిలాయి. హెర్డ్7 తీర్పిచ్చింది నేను రాసిన ఆ కాస్త టెస్టుకి, డ్రైవర్‌కి కాదు. వేల లైన్లని అంతకి దించడానికి పట్టిన టైము ఆ మెరుపువేగం జవాబులో కనపడదు. సమ్‌టైమ్స్ అన్నంత మాత్రాన మీ బోర్డు మీద వస్తుందనీ కాదు. లినక్స్ నడిచే ఆర్కిటెక్చర్లన్నిటికీ కలిపి చెప్పే మాట అది, దీన్ని మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పడం వేరే తలనొప్పి. కంపైలర్ చేసే మాయలన్నీ దానికి తెలియవు. ప్రాసెస్‌లు, యాక్సెస్‌లు పెంచుకుంటూ పోతే నత్తనడక పడుతుంది: ఒకసారి పెద్ద టెస్టు పెట్టి మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌కి వెళ్లి, పప్పన్నం తిని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంది, చంపేశాను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం డీఎంఏ (ప్రాసెసర్ చేయి వేయకుండా డివైస్ నేరుగా మెమరీలో రాయడం, చదవడం). డీఎంఏ గానీ, డివైస్ రిజిస్టర్లు గానీ, ఇంటరప్టులు (డివైస్ ప్రాసెసర్‌ని పిలిచే సైగలు) గానీ ఈ మోడల్‌లో లేవు. నా ఉద్యోగంలో సగం అవే. డిస్క్రిప్టర్ (డివైస్ చేయాల్సిన పని వివరం) రాసి డోర్‌బెల్ కొట్టే (ఇక మొదలుపెట్టమని డివైస్ రిజిస్టర్లో రాసే) చోట క్రమం తప్పితే హెర్డ్7ని అడిగి లాభం లేదు. పై బగ్‌లో రెండు వైపులా మామూలు త్రెడ్‌లే కాబట్టి బతికిపోయాం.

లాక్‌లెస్ (తాళం లేని) క్యూలు, ఆర్‌సీయూ (చదివేవాళ్లకి తాళం అక్కర్లేని కెర్నల్ పద్ధతి) రాసేవాళ్లయితే ఇది లేకుండా ప్యాచ్ పంపకండి అంటాను. మ్యూటెక్స్ అనే తాళం పెట్టుకుని ప్రశాంతంగా బతికేవాళ్లకి లాక్‌డెప్ (తాళాల వాడకంలో తప్పులు పట్టేది), పైన కేసీశాన్ (త్రెడ్‌లు తాళం లేకుండా ఒకే డేటా మీద పడితే పట్టేది) చాలు, దీని జోలికి రానక్కర్లేదు. నాలాంటి డ్రైవర్ వాడికైతే సగం రోజులు పక్కన ఉండే తోడు, మిగతా సగం డేటాషీటూ లాజిక్ అనలైజరే. ఎక్కించుకునేటప్పుడు మీ కెర్నల్ వెర్షన్‌కి ఏ హెర్డ్‌టూల్స్ (హెర్డ్7, క్లిట్మస్7 ఉండే ప్యాకేజీ) వెర్షన్ సరిపోతుందో మెమరీ-మోడల్ ఫోల్డర్లోని రీడ్‌మీ చూసుకోండి, పట్టిక ఉంది.