సల్పా గడియా, హాంకో కందకాలా: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

ఊరి నుంచి పెద్దవాళ్లు వేసవికి ఫిన్లాండ్ వచ్చారంటే హెల్సింకీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లం తిప్పే చోట్లు దాదాపు ఒకటే: సువోమెన్‌లిన్నా కోట, సెనేట్ స్క్వేర్‌లో తెల్ల చర్చి, పోర్వో, కుదిరితే ఓడెక్కి టాలిన్. ఈసారి మా మామయ్యగారు వచ్చారు. ఆయనది పశ్చిమ గోదావరిలో మాధవరం, ఇంటింటికీ ఫౌజీలు ఉండబట్టి మిలిటరీ మాధవరం అని పేరుపడిన ఊరు. ఆయన కూడా సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చూసే మద్రాస్ సాపర్స్‌లో ఇరవై ఏళ్లకు పైగా చేసి రిటైర్ అయ్యారు. చర్చి మెట్ల మీద ఫొటో దిగడం అయ్యాక, "బాబూ, వీళ్లు రష్యావాళ్లతో యుద్ధం చేశారు కదా, ఆ జాగా ఎక్కడ? అది చూపించు" అన్నారు.

అలా రెండు శనివారాలు రెండు దిక్కులకి తీసుకెళ్లాను. మొదట తూర్పున సల్పా లైన్, తర్వాత పడమర హాంకో. రెండూ ఆరుబయట ఉన్న యుద్ధ మ్యూజియాలే, రెండూ ఒకే సంతకంతో మారిపోయిన సరిహద్దుల మీద కట్టుకున్నవే, కానీ చూసి వచ్చాక మనసులో మిగిలేది మాత్రం పూర్తిగా వేరు.

ముందు ఆ సంతకం సంగతి చెప్పాలి, అది తెలియకుండా వెళ్తే అక్కడ కనిపించేవి రాళ్లూ గోతులే. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద పడింది. 105 రోజులు సాగిన ఆ శీతాకాల యుద్ధం 1940 మార్చి 13న మాస్కో ఒప్పందంతో ఆగింది. తూర్పున కరేలియా చేజారి, నాలుగు లక్షల మందికి పైగా జనం ఇళ్లూ పొలాలూ వదిలి ఇటు వచ్చేశారు. దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన హాంకో ద్వీపకల్పాన్నేమో నౌకా స్థావరం కోసం 30 ఏళ్ల లీజుకి ఇచ్చేయాల్సి వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే, ప్రహరీ గోడ లోపలికి జరిపేసి, పైగా పెరట్లో గది ఒకటి పొరుగువాడికి బలవంతంగా అద్దెకి ఇప్పించినట్టు. జరిగిన ప్రహరీ వెంట కట్టుకున్నది సల్పా లైన్. ఆ పెరటి గదికి ఎదురుగా కట్టుకున్నది హార్పార్‌స్కోగ్ లైన్.

సల్పా అంటే ఫిన్నిష్‌లో తలుపు గడియ. దక్షిణాన సముద్రపు ఒడ్డు విరోలాహ్తి నుంచి ఉత్తరాన లాప్‌లాండ్‌లో సవుకోస్కి దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు. 1941 వసంతంలో పని ముమ్మరంగా ఉన్నప్పుడు దీని మీద 35,000 మంది పనిచేశారు, వాళ్లకి వండి పెట్టడానికే లోట్టా స్వార్డ్ సంఘం ఆడవాళ్లు 2,000 మంది వరకూ ఉన్నారు. కాంక్రీటుతో కట్టినవీ కొండ తొలిచి చేసినవీ కలిపి 700కు పైగా బంకర్లు, ట్యాంకులను ఆపడానికి 200 కిలోమీటర్లకు పైగా అడ్డంకులు. ఇంత చేస్తే, ఇక్కడ యుద్ధమే జరగలేదు! 1941 జూన్‌లో రెండు దేశాల మధ్య మళ్లీ యుద్ధం మొదలై, ఫిన్లాండ్ పోయిన కరేలియాను వెనక్కి తెచ్చుకుంది. 1944 జూన్‌లో సోవియట్ సైన్యం మళ్లీ విరుచుకుపడి అక్కడి వీపురీ నగరాన్ని తీసుకున్నా, తాలి-ఇహంతాలా అనే చోటే ఆగిపోయింది, సల్పా దాకా రాలేదు. ఆ సెప్టెంబర్‌లో యుద్ధ విరమణ అయిపోయింది.

"యుద్ధం జరగని చోట చూడ్డానికి ఏముంటుంది?" అని నాతో ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను కూడా వెళ్లేదాకా కాస్త అలాగే అనుకున్నాను. మియెహిక్కాలాలోని సల్పా లైన్ మ్యూజియం దగ్గర కారు దిగి, నాలుగడుగులు అడవిలోకి వేయగానే ఆ రాళ్లు కనిపిస్తాయి. ట్యాంకు కడుపు కిందకి తగిలి అక్కడే ఇరుక్కునేలా వరసలు వరసలుగా పాతిన గ్రానైట్ బండలు, ఒక్కోటి టన్నుల బరువు, చెట్ల మధ్య నుంచి, వాలు మీదుగా, కనుచూపు అందినంత దూరం. తెలంగాణలో చేల చుట్టూ పాతే కడీలు చూశారు కదా, వాటిని అయిదారింతలు లావు చేసి ఊరంత పొడుగునా నిలబెడితే ఎలా ఉంటుందో అలా. ఇప్పుడు వాటి మీద నాచు పట్టింది, సందుల్లో బ్లూబెర్రీ పొదలు.

మామయ్యగారు ఒక బండ దగ్గర కూర్చుండిపోయారు. దాని పక్కమీద నిలువునా సగం గొట్టంలాంటి గాళ్లు ఉన్నాయి, జానెడు ఎడంలో ఒకటి. వేలు పెట్టి పైనుంచి కిందకి నిమురుతూ, "ఇది చూడు, బెజ్జాలు వేసి మేకులు దిగ్గొట్టి చీల్చారు, మన క్వారీలో లాగే. ఇన్ని వేల రాళ్లకి ఇలా బెజ్జాలు వేయాలంటే ఎంత కష్టం!" అన్నారు. నేను ఆ గాళ్లని చూసేవాణ్ణే కాదు. ఆ తర్వాత ప్రతి రాయి దగ్గరా అవే కనిపించాయి, మనిషి చెయ్యి ఆనవాలు.

బంకర్ల సంగతీ అంతే. గాలి ఊదిన రబ్బరు బంతి చుట్టూ కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక గాలి తీసేసి కట్టిన గుండ్రటి బంకర్లు ఉన్నాయి, లోపలికి వంగి దిగితే ధాన్యం గాదెలో నిలబడ్డట్టు ఉంటుంది, మాట్లాడితే మన గొంతు మనకే తిరిగొస్తుంది. జులై ఎండలో కూడా లోపల చలి, స్వెట్టర్ తీసుకెళ్లండి. టార్చి కూడా.

అదే దారిలో, వాలిమా సరిహద్దుకి దగ్గరలో విరోలాహ్తి బంకర్ మ్యూజియం ఉంది. అది చిన్నది, చక్కగా బాగుచేసి పెట్టారు, చెక్క పలకలు కొట్టిన కందకాల్లో పిల్లలు హాయిగా పరిగెడతారు, గంటన్నరలో అయిపోతుంది. చిన్నపిల్లలుంటే ఇది ముందు చూసి మియెహిక్కాలా తర్వాత పెట్టుకోండి. విరోలాహ్తి ఒక్కటే చూసి వెనక్కి వచ్చేస్తే మాత్రం లైన్ ఎంత పెద్దదో అర్థం కాదు.

ఇక హాంకో. ఇక్కడ యుద్ధం నిజంగా జరిగింది. 1941 జూన్ చివర నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా లాప్పోహ్యా దగ్గర, లీజు హద్దుకి అటూ ఇటూ, రెండు సైన్యాలు కందకాల్లో ఎదురెదురుగా కూర్చున్నాయి. ఫిన్లాండ్ పక్క స్వీడన్ నుంచి వచ్చిన వాలంటీర్లు కూడా ఉన్నారు. ఫిరంగులు, స్నైపర్లు, దీవుల మీద దాడులు, మధ్యలో లౌడ్‌స్పీకర్లలో ఒకరికొకరు ప్రచారం. ఆఖరికి సోవియట్ వాళ్లే ఓడలెక్కి ఖాళీ చేశారు, రైలు పట్టాల మీద నడిచే మూడు 305 మిల్లీమీటర్ల ఫిరంగులను చేతికి దక్కకుండా పాడుచేసి మరీ పోయారు. ఆ తరలింపులోనే ఒక ఓడ మందుపాతరలు తగిలి వేలమంది సైనికులతో ఆగిపోయింది. తలుచుకుంటే కడుపులో దేవినట్టు అవుతుంది, వాళ్లూ ఎవరి పిల్లలో కదా.

లాప్పోహ్యాలోని హాంకో ఫ్రంట్ మ్యూజియంలో వస్తువులు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి, బయట బాగుచేసిన కందకాలూ ఫిరంగులూ ఉన్నాయి. కథ చేతికి అందుతుంది. సల్పాలో కథ మనం ఊహించుకోవాలి, ఇక్కడ చూపిస్తారు. నేల కూడా ఇసుక నేల, పైన్ చెట్లు, ఎక్కువ ఎత్తుపల్లాలు లేవు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇదే సుఖం. కారు లేనివాళ్లకి కూడా ఇదే దారి: హెల్సింకీలో రైలెక్కి కార్యా స్టేషన్‌లో మారితే లాప్పోహ్యాలోనే దిగొచ్చు. సాయంత్రం హాంకో వెళ్లి సముద్రం ఒడ్డున కూర్చోవచ్చు, ఇంట్లో యుద్ధాలంటే ఆసక్తి లేనివాళ్లు కూడా విసుక్కోరు. సల్పాకి కారు ఉండాల్సిందే, పోను రెండు గంటలకు పైనే, చుట్టుపక్కల పెద్ద కాలక్షేపం లేదు.

ఇన్ని సుఖాలు చెప్పాక కూడా నా ఓటు మియెహిక్కాలాకే. హాంకోలో చూసినవి వేరే దేశాల యుద్ధ మ్యూజియాల్లో కూడా ఏదో ఒక రూపంలో దొరుకుతాయి. ఒక దేశం ఓడిపోయి, భూమి పోగొట్టుకుని, ఏడుస్తూ కూర్చోకుండా మర్నాటి నుంచే మొత్తం సరిహద్దు పొడుగునా బండలు చీల్చి పాతుకోవడం అనేది ఆ రాళ్ల మధ్య గంటసేపు నడిస్తే తప్ప ఒంటికి ఎక్కదు. పైగా ఇది పాత కథలా కూడా అనిపించదు. 2023 చివర్లో రష్యా వైపు రోడ్డు దారులన్నీ ఫిన్లాండ్ మూసేసింది. ఒకప్పుడు లారీలు బారులు తీరిన వాలిమా రోడ్డు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది, మేం వెళ్లిన రోజున ఆఖరి పది కిలోమీటర్లలో ఎదురొచ్చిన బళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కారు లేకపోయినా, పెద్దవాళ్లకి నడక కష్టమైనా, లేదా మొదటిసారి ఈ చరిత్ర వింటున్నా హాంకో వెళ్లండి, ఏమీ తప్పు లేదు. మిగతావాళ్లు తూర్పుకి తిప్పండి బండి.

రెండూ వేసవిలోనే తెరుస్తారు, ఆ ఏడాది తేదీలు చూసుకునే బయలుదేరండి. తూర్పున దోమలు పీక్కుతింటాయి, హాంకో గడ్డిలో పిడుదులు ఉంటాయి, రెండు చోట్లా ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని నడవండి, ఇంటికొచ్చి పిల్లల కాళ్లు ఒకసారి వెతకండి. విరోలాహ్తి వైపు వెళ్లినప్పుడు పసుపు రంగు సరిహద్దు బోర్డు కనబడితే అక్కడే ఆగిపోండి, పర్మిట్ లేకుండా ఆ జోన్‌లోకి అడుగు పెట్టకూడదు.

మామయ్యగారు ఊరెళ్లేముందు ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటుంటే పక్కనే ఉన్నాను. హాంకో ఫిరంగుల ఫొటోలు మూడో నాలుగో ఉన్నాయి. రాళ్లవి అరవై పైనే, సగం ఫొటోల్లో ఒక్క బెజ్జం గాళ్లే. సముద్రం నుంచి మియెహిక్కాలా దాకా ఆ లైన్ వెంట దాదాపు 50 కిలోమీటర్ల కాలిబాట ఉందని చెప్తే, వచ్చే ఏడాది మంచి బూట్లు కొనుక్కుని వస్తానన్నారు.