మూత్రంలో రక్తం: నొప్పితో వస్తే, నొప్పి లేకుండా వస్తే

నడుము పక్క నుంచి గజ్జల దాకా పొడిచే నొప్పితో మూత్రం ఎర్రగా వస్తే చాలాసార్లు కిడ్నీలో రాయి. మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం ఉంటే ఎక్కువగా ఇన్ఫెక్షన్. చలిజ్వరం కూడా తోడైతే ఆలస్యం చేయొద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించేది నొప్పి లేని రక్తమే. ఒకసారి కనిపించి ఆగిపోతుంది. వేడి చేసిందిలే అని బార్లీ నీళ్లు తాగి ఊరుకుంటాం. కానీ మూత్రాశయ క్యాన్సర్ చాలామందిలో ఇలాగే మొదట బయటపడుతుంది. 40 దాటినవాళ్లు, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగడం, కిడ్నీ జబ్బులు కూడా కారణం కావచ్చు. రక్తం పలచబరిచే మాత్రల వల్లే అని సరిపెట్టుకోకండి. ఆగిపోయినా సరే డాక్టర్‌ని కలవండి; స్కానింగ్, అవసరమైతే సిస్టోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేస్తారు.

బీట్‌రూట్ తిన్నా, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. అది రక్తమా కాదా అన్నది మామూలు మూత్ర పరీక్షలోనే తేలుతుంది.