పాత పేపర్ కార్టూన్లు స్కాన్, బైండింగ్ చేయించాను: హనుమకొండ షాపు రివ్యూ

పేపర్లో వచ్చిన కార్టూన్లు కత్తిరించి దాచుకునే అలవాటు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నయీంనగర్ నుంచి కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ వైపు వెళ్తుంటే థీసిస్‌లు బైండింగ్ చేసే జిరాక్స్ షాపులు ఉంటాయి కదా, వాటిలో ఒక చిన్న షాపులో నా దగ్గరున్న కటింగులన్నీ స్కాన్ చేయించి, ప్రింట్లు తీయించి, రెండు పుస్తకాలుగా కుట్టించుకున్నాను. పని బాగా చేశారు, డబ్బులు కూడా న్యాయంగానే తీసుకున్నారు. కాకపోతే మనం దగ్గరుండి చెప్పి చేయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి తెలియకుండా కటింగుల కవర్ ఇచ్చేసి వస్తే మాత్రం సగం కార్టూన్లు పాడైనట్టే.

ఇప్పుడే ఎందుకు చేయించానంటే, ఈ కార్టూన్లు మళ్లీ దొరకవనే భయం ఈ మధ్య బాగా పెరిగింది. ఈనాడులో దాదాపు 40 ఏళ్లు గీసిన శ్రీధర్ గారు 2021 ఆగస్టులో మానేశారు. పొద్దున పేపర్ రాగానే హెడ్డింగు కంటే ముందు ఆయన 'ఇదీ సంగతి' కార్టూన్ చూసే ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉండేవో నేను చెప్పక్కర్లేదు. ఆంధ్రజ్యోతి శేఖర్ గారు 2014 మేలో క్యాన్సర్‌తో పోయారు, అదే ఏడాది ఆగస్టు చివర్లో బాపు గారు, 2017 సెప్టెంబరులో మోహన్ గారు. బయటి దేశాల వార్తలు చూస్తే ఇంకా బాధేస్తుంది. న్యూయార్క్ టైమ్స్ 2019 జులై నుంచి తన అంతర్జాతీయ ఎడిషన్‌లో రోజూ వచ్చే రాజకీయ కార్టూన్లను ఆపేసింది. 2023 జులైలో మెక్‌క్లాచీ అనే అమెరికా పత్రికల కంపెనీ, పులిట్జర్ బహుమతి వచ్చిన ముగ్గురు కార్టూనిస్టులను ఒక్కరోజులోనే ఇంటికి పంపించింది. 2025 జనవరిలో ఆన్ టెల్నేస్ వాషింగ్టన్ పోస్ట్‌కు రాజీనామా చేశారు, ఎందుకంటే ఆ పేపర్ ఓనర్ జెఫ్ బెజోస్‌తో పాటు ఇంకొందరు కోటీశ్వరులు ట్రంప్ ముందు మోకాళ్ల మీద ఉన్నట్టు ఆమె గీసిన బొమ్మను వేయలేదు. అదే ఏడాది మేలో ఆమెకే పులిట్జర్ వచ్చింది. ఇవన్నీ చదువుతుంటే, పదేళ్ల కిందటి వార్త కావాలంటే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది గానీ ఆ రోజు మొదటి పేజీ మూలన వచ్చిన సింగిల్ కాలమ్ కార్టూన్ కావాలంటే ఎవరిని అడగాలి అనిపించింది. నేను చూసే ఈ-పేపర్లో అంత పాత తేదీలు తెరుచుకోవు. ఉన్నది నా అట్టపెట్టెలో కటింగే.

ఆ కటింగు కూడా ఎక్కువకాలం ఉండేది కాదు. న్యూస్‌ప్రింట్‌ను కలపను నూరిన గుజ్జుతో చేస్తారు, అందులో ఉండే లిగ్నిన్ గాలికి, వెలుతురుకు పసుపు పచ్చగా మారుతుంది, తర్వాత పెళుసుబారి మడత దగ్గర విరిగిపోతుంది. నేను సెల్లోటేప్ వేసిన చోటల్లా గోధుమరంగు మరకలు పడ్డాయి.

ఇక షాపు సంగతి. ఓనర్ ముప్పై దాటని కుర్రాడు, కటింగుల కవర్ చూడగానే అన్న మొదటి మాటకే నాకు నమ్మకం కుదిరింది: "సార్, ఇవి ఫీడర్‌ల పెడితే చినిగిపోతయ్, ఒక్కొక్కటి అద్దం మీద పెట్టి తియ్యాలె, టైం పడ్తది, రేపు పొద్దుమీకి రాండ్రి." వేరే షాపులో కట్టంతా, కాగితాలను తానే లోపలికి లాక్కునే ఆటోమేటిక్ ఫీడర్‌లో పెట్టబోతే నేనే ఆపి తెచ్చుకున్నాను, అందుకే ఈ మాట నాకు అంత బాగా నచ్చింది.

స్కాన్ ఎలా వచ్చిందో ఒక్క ఉదాహరణ చెప్తాను. తెలంగాణ ఉద్యమం రోజుల నాటి పాకెట్ కార్టూన్ ఒకటి, వెడల్పు రెండు వేళ్లంత కూడా ఉండదు. వెనకవైపు ఏదో టెండర్ నోటీసు ఉంది, మామూలుగా స్కాన్ చేస్తే ఆ అక్షరాలు తిరగబడి బొమ్మలోని మనిషి మొహం మీద కనిపిస్తున్నాయి. ఆ కుర్రాడు కటింగు వెనక నల్ల చార్ట్ ముక్క పెట్టి మళ్లీ తీశాడు, అక్షరాలు దాదాపు మాయం! ఫోన్ యాప్‌తో నేను తీసినప్పుడు పేపర్ తెల్లగా మెరిసింది గానీ చొక్కా మడతలకు వేసిన సన్నగీతలు ఎగిరిపోయాయి, కళ్లజోడు ఒక నల్లచుక్క అయిపోయింది. ఇక్కడ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో (నలుపు తెలుపుల మధ్య బూడిద రంగులు కూడా పట్టే మోడ్) తీస్తే ఒక్కో గీత విడిగా కనిపిస్తోంది, పెన్ను ఎక్కడ నొక్కారో ఎక్కడ వదిలారో తెలుస్తోంది. బ్లాక్ అండ్ వైట్ మోడ్ వద్దని గట్టిగా చెప్పండి, అందులో మధ్యరంగులన్నీ పోతాయి.

రంగుల క్యారికేచర్లతో, అంటే మనిషి పోలికలను పెంచి గీసే బొమ్మలతో, కొంచెం కష్టమే. సాక్షి శంకర్ గారి క్యారికేచర్లు నా దగ్గర చాలా ఉన్నాయి, మండేలా క్యారికేచర్‌కు 2014 వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అన్నిటికంటే పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ గెలిచిన ఆయనే. పేపర్లో రంగు అంటే నాలుగు రంగుల చుక్కలు, స్కానర్ ఆ చుక్కలను పట్టుకుని చెరువులో అలల్లాంటి చారలు తెస్తుంది. స్కానర్ సెట్టింగుల్లో డీస్క్రీన్ అని ఉంటుంది, అది ఆన్ చేయించాక చారలు పోయాయి, బొమ్మ మాత్రం రవ్వంత మెత్తబడింది. నాకు పర్వాలేదు.

నచ్చనివి రెండు. కటింగు పక్కన నేను పెన్నుతో రాసుకున్న తేదీలను షాపులో పనిచేసే అబ్బాయి అంచు అనుకుని చాలావాటికి క్రాప్ చేసేశాడు. తేదీ లేని రాజకీయ కార్టూన్‌తో సగమే ఉపయోగం, ఆ రోజు ఏం జరిగిందో తెలియకపోతే ఆ జోకు ఎవరికి అర్థమవుతుంది? అడిగితే విసుక్కోకుండా, అదనంగా డబ్బులు అడగకుండా మళ్లీ చేసిచ్చారు, అది మెచ్చుకోవాలి. రెండోది, ఫైళ్లన్నీ సైజు తగ్గించి ఒకే పీడీఎఫ్‌గా ఇచ్చారు, జూమ్ చేస్తే అక్షరాలు ముక్కలయ్యాయి. సైజు తగ్గించని ఒరిజినల్ టిఫ్ ఫైళ్లు (స్కాన్ బొమ్మల ఫైళ్లు) విడిగా కావాలని ముందే చెప్పండి, పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

స్కాన్‌కు పేజీకి 10 రూపాయలు, ఒక పేజీలో నాలుగైదు కటింగులు పట్టించుకోవచ్చు. బాండ్ పేపర్ మీద కలర్ ప్రింట్ 20, హార్డ్ బైండింగ్ పుస్తకానికి 250 అయింది. ఎడమవైపు అంగుళం మార్జిన్ వదిలించండి, లేకపోతే బొమ్మ కుట్టులోకి పోతుంది. ఇంగ్లిష్ పేపర్ల కామిక్ స్ట్రిప్పులు కూడా దాచుకునేవాళ్లయితే వాటికి అడ్డంగా ఉండే వేరే పుస్తకం చేయించడం మేలు, నిలువు పేజీలో పెడితే నాలుగు గళ్ల స్ట్రిప్ చిన్నదైపోయి బుడగల్లో మాటలు కనపడవు. 'పీనట్స్' కామిక్ గీసిన చార్లెస్ షుల్జ్ 1950 నుంచి 2000 దాకా అసిస్టెంట్లు లేకుండా 17,897 స్ట్రిప్పులు గీశాడు, చివరి గడిలో ఆ చిన్న మాట కోసమే కదా అంత కష్టపడింది, అది చదవలేకపోతే ఎట్లా! అట్ట నల్ల రెగ్జిన్, పైన బంగారు అక్షరాలు, థీసిస్‌లకు వేసేదే, నాకైతే తెగ నచ్చింది. ఆ గౌరవం ఈ బొమ్మలకు తగినదే.

లామినేషన్ చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఆ వేడికి పాత పేపర్ పాడవుతుంది, ఒకసారి అంటుకున్నాక మళ్లీ విడదీయలేం. స్కాన్ అయిపోయాయని ఒరిజినల్స్ పారేయకుండా క్లియర్ ఫోల్డర్లలో వేసి వెలుతురు తగలని బీరువాలో పెట్టుకోండి.

యూనివర్సిటీలో థీసిస్‌లు సబ్మిట్ చేసే రోజుల్లో అసలు వెళ్లకండి, రీసెర్చ్ స్కాలర్ల టెన్షన్‌లో మన కటింగులు ఎవరూ పట్టించుకోరు. మామూలు రోజుల్లో పొద్దున 11 లోపు వెళ్తే షాపు ఖాళీగా ఉంటుంది, స్కానర్ పక్కనే స్టూల్ వేసి కూర్చోమంటారు, కూర్చోండి, ప్రతి కటింగూ చూసుకుని తేదీతో సహా వచ్చిందా అని అక్కడికక్కడే సరిచేయించుకోండి.