ముందు మాట కోయాలా, ముందు కెమెరా మార్చాలా?

మూడు కెమెరాలతో తీసిన ఇంటర్వ్యూని ఎడిట్ చేయడానికి రెండు దారులున్నాయి. మూడు కెమెరాల ఫుటేజీని ఒకే క్లిప్‌గా కలిపే మల్టీక్యామ్‌లో ప్లే చేస్తూ 1, 2, 3 నొక్కి ముందే కెమెరాలు మార్చేసి, అక్కర్లేని మాటలు తర్వాత తీసేయడం ఒకటి. మొత్తం దృశ్యం కనిపించే వైడ్ షాట్ ఒక్కటే పెట్టుకుని మాటంతా కోసేశాక యాంగిళ్లు ఎంచుకోవడం రెండోది.

దాదాపు యథాతథంగా వెళ్లే ముఖాముఖికి మొదటిదే మేలు. గంట ఫుటేజీకి గంటలో తొలి కట్ తయారవుతుంది. వేలు కొంచెం ఆలస్యంగా పడుతుంది కాబట్టి, కట్‌లను రోలింగ్ ఎడిట్‌తో (మొత్తం నిడివి మారకుండా కట్‌ని మాత్రమే జరిపే పద్ధతి) నాలుగైదు ఫ్రేములు వెనక్కి జరిపితే చాలు.

నలభై నిమిషాల మాటని ఎనిమిదికి దించాలంటే మాత్రం ఈ పద్ధతి ఎదురు తిరుగుతుంది. ఒక వాక్యం తీయగానే పది ఫ్రేముల కెమెరా ముక్క మిగిలి కంట్లో నలుసులా తగులుతుంది. ఇంకోచోట అతుక్కి అటూ ఇటూ ఒకే యాంగిల్ పడి తల ఎగిరిపడుతుంది. చేసిన పనే మళ్లీ చేయాలి. కుదించే ఇంటర్వ్యూకి మాటే ముందు, ఇందులో మాకు సందేహం లేదు.

మల్టీక్యామ్ క్లిప్ మీదే కోయండి, ఏ ముక్కకి ఏ యాంగిలో తర్వాత మార్చుకోవచ్చు. కోసేముందు ఫుటేజీ చివర పెదవుల కదలిక చూడండి. మొదట కుదిరిన సింక్ (మాటకీ బొమ్మకీ పొంతన) చివర్లో తప్పిందంటే, ఫోన్ ఫుటేజీలో ఫ్రేమ్ రేటు నిలకడగా లేకపోవడం తరచూ కారణం. దాన్ని సెకనుకి స్థిరంగా 25 ఫ్రేములకి మార్చి మళ్లీ కలపాలి.

కత్తెర ఎక్కడ పెట్టాలన్నదే అసలు నేర్పు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగిసి పక్క మాటలో కలిసిపోతాయి. క, ట, త, ప మొదలయ్యే ముందు నోట్లో గాలి ఆగి చప్పుడు లేని క్షణం ఉంటుంది, అక్కడ కోయండి. 25 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంతలోనే అక్షరం తెగిపోతుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మత్స్యకారుణ్ణి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం గురించి అడిగారనుకోండి. ‘61 రోజులు వేట నేదు...’ అని రెండు సెకన్లు ఆగి, ‘మరేటి సేస్తాం’ అంటాడు. మాటలే చూసి కోసేవాడికి ఆ రెండు సెకన్లు వృథాగా కనిపిస్తాయి. నిజానికి జవాబంతా అక్కడే ఉంది. అది ఉంచి, క్లోజప్‌కి వెళ్లండి. ‘అదే’, ‘అంటే’లు మాత్రం వరసగా వచ్చినప్పుడే తీయండి.

ఆర్‌కే బీచ్‌లో తీస్తే అల హోరు అతుకుని పట్టిస్తుంది. సగంలో తెగిన కెరటం చెవికి వెంటనే దొరికిపోతుంది. షూట్‌లోనే రెండు నిమిషాలు ఉత్త హోరు విడిగా రికార్డు చేసుకుని, కట్‌ల కింద పరచండి.

రెండో పద్ధతికీ ఒక లోపముంది. చివరి జవాబుని ముందుకు తెచ్చినప్పుడు మాట కుదిరినా వెలుగు కుదరదు. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే అలలు వెనక పెట్టి తీస్తే ఎండ కెమెరాకి ఎదురుగా వస్తుంది, అరగంటలో ముఖం రంగే మారిపోతుంది. అలాంటి అతుకు మీద వల బాగుచేస్తున్న చేతుల్ని మూడు సెకన్లు వేసి, ఆ తర్వాతి ముక్కని వైడ్‌తో కాకుండా క్లోజప్‌తో తెరవండి. ఆకాశం కనిపించనప్పుడు తేడా తక్కువ తెలుస్తుంది.