కొస కత్తిరించాలా, ఆకునే తీసేయాలా?

కలాథియా, డ్రసీనా వంటి ఉష్ణమండల మొక్కల్లో ఒకసారి గోధుమరంగుకు తిరిగిన ఆకు కొస మళ్లీ పచ్చబడదు కనుక, ఎండిన మేరకే కత్తిరించడమా, ఆకునే తొలగించడమా అన్నది తేల్చుకోవాలి. సగానికి పైగా పచ్చదనం మిగిలి ఉంటే నేను మొదటిదానికే మొగ్గుతాను. ఆ భాగం మొక్కకు ఇంకా ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది. అయితే కత్తెర పచ్చటి భాగానికి తగలకుండా, వెంట్రుకవాసి ఎండు అంచును వదిలి, ఆకు సహజమైన మొన నిలిచేలా ఏటవాలుగా కోయాలి. లేకుంటే కోసిన చోటే కొత్త గోధుమ గీత ఏర్పడుతుంది. పసుపు వలయంతో తడి మచ్చలు పాకుతున్న ఆకును మాత్రం, తెగులు వ్యాపించకముందే కాడతో సహా తీసి, కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. ఈ రెండింటిలో ఏదీ మూలకారణాన్ని పోగొట్టదు: డ్రసీనా కొసలు మాడడానికి నీటిలోని ఫ్లోరైడ్ ఒక కారణం, పైగా అది నీటిని మరిగించినా పోదు.