కిటికీ తెరవాలా, ప్యూరిఫయర్ కొనాలా: ఏది మేలు?

"ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఇంట్లో ఒకరికి ఉబ్బసమో, పిల్లలకి తగ్గని జలుబో ఉంటుంది. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: మీకు ఇబ్బంది పెడుతున్నది బయటి నుంచి వచ్చేదా, ఇంట్లోనే పుట్టేదా?

ప్యూరిఫయర్ గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ వడకడుతుంది. మంచి హెపా ఫిల్టర్ (సన్నటి కణాల్ని పట్టే జల్లెడ లాంటిది) 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని పట్టేస్తుంది. చిక్కడం బాగా కష్టమైన సైజు దాదాపు అదే కాబట్టి పొగ, పుప్పొడి, వైరస్‌లను మోసే సన్నటి తుంపరలు తప్పించుకునేది తక్కువ. ఇక్కడ దానికి వంక పెట్టలేం.

అది ముట్టుకోలేనివి వేరే ఉన్నాయి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ అందులో ఒకటి. బయట అది 420 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) దగ్గర ఉంటే, తలుపులు బిగించుకుని ఇద్దరు పడుకున్న గదిలో తెల్లారేసరికి రెండు వేలు దాటడం మామూలే. తెల్లవారాక తల దిమ్ముగా ఉంటే నిద్ర చాలలేదనుకుంటాం, గది గాలి సంగతి గుర్తుకు రాదు. రెండోది తేమ. నా లెక్కలో తేల్చేసేది ఇదే. ఊపిరి, స్నానం, వంట, ఇంట్లో ఆరేసిన బట్టలు అన్నీ కలిపితే నలుగురున్న ఇంట్లో రోజుకి సుమారు పది లీటర్ల నీరు ఆవిరవుతుంది. దానికి బయటికి దారి లేకపోతే చల్లటి గోడ మీద, బీరువా వెనక చేరి బూజు పడుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ప్యూరిఫయర్ బూజు రేణువుల్ని పడుతుంది, నిజమే. గోడ మీద బూజు మాత్రం అలాగే పెరుగుతుంటుంది.

అంటువ్యాధుల విషయంలోనూ కిటికీని తక్కువ అంచనా వేయకూడదు. పెరూలోని లిమా ఆసుపత్రుల్లో చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలున్న పాత భవనాల్లో అది 40. మెషీన్లతో గాలి మార్చే క్షయ రోగుల గదులకు ఉండాలనేది గంటకు 12 మాత్రమే. అయితే ఒక్క కిటికీ తెరిస్తే ఇంత రాదు, ఎదురెదురుగా రెండు ఉండాలి. గాలి ఆడని రోజున ఆ రెండూ ఉన్నా లాభం తక్కువే.

ఇక బయటే పొగ కమ్మేసినప్పుడు, పుప్పొడి కాలంలో, కిటికీ పక్కనే రద్దీ రోడ్డున్నప్పుడు నేనూ ప్యూరిఫయర్ వైపే. అప్పుడు కిటికీ తెరవడమంటే జబ్బుని లోపలికి పిలవడమే. కొనేటప్పుడు డబ్బా మీది ఆర్భాటం వదిలేసి సీఏడీఆర్, అంటే అది ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె, చూడండి. గంటకు ఎన్ని ఘనమీటర్లో రాసి ఉంటుంది. దాన్ని గది ఘనపరిమాణంతో భాగిస్తే కనీసం 5 రావాలి. 34 ఘనమీటర్ల గదికి 170 అన్నమాట. అది కూడా మీరు రోజూ వాడే స్పీడ్‌లో రావాలి, చెవులు హోరెత్తించే టాప్ స్పీడ్‌లో వస్తే సరిపోదు.

ఇలాంటి చోట కూడా బయట కాస్త తెరిపిచ్చిన వేళ చూసి పది నిమిషాలు కిటికీలు తెరవాల్సిందే. బాత్రూమ్‌లో, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే తేమ పుట్టిన చోటే బయటికి పోతుంది. నన్నడిగితే మొదటి ఖర్చు దాని మీదే పెట్టమంటాను.

స్ప్లిట్ ఏసీ ఉంటే చాలదా అంటే, చాలదు. నడిచినంతసేపూ తేమ కొంత లాగుతుంది గానీ, తిప్పేది గదిలోని గాలినే. కుండీల్లో మొక్కలు చూడ్డానికి బాగుంటాయి, అంతే. గాలి మీద లెక్కకొచ్చే ప్రభావం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా పెట్టాలని 2019లో పరిశోధకులు తేల్చారు. ఓజోన్ వదిలే మెషీన్లు మాత్రం వద్దు. ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేసేదే, ఉబ్బసం ఉన్నవాళ్లకి మరీనూ.