గ్రీస్: గోల్డెన్ వీసానా, పౌరసత్వమా?

ఈ రెండూ ఒకటేనని చెప్పే ఏజెంట్ల మాట నమ్మకండి. అక్కడ ఇల్లు కొని తీసుకునే గోల్డెన్ వీసాతో వచ్చేది నివాస అనుమతి మాత్రమే, పాస్‌పోర్టు కాదు.

ఖర్చు: వీసాకు ఏథెన్స్ ఉన్న అట్టికాలో, థెస్సలోనికిలో, శాంటోరినిలో అయితే 8 లక్షల యూరోల ఇల్లు కొనాలి. మిగతా చాలా చోట్ల 4 లక్షలు. పౌరసత్వ దరఖాస్తు రుసుము 550 యూరోలే.

శ్రమ: వీసాకు అక్కడ కాపురం ఉండనక్కర్లేదు, అయిదేళ్లకోసారి పొడిగించుకుంటే చాలు. పౌరసత్వానికి మామూలుగా 7 ఏళ్లు చట్టబద్ధంగా, నిజంగా అక్కడే బతకాలి, ఆదాయం చూపాలి. ఆపైన పరీక్ష. భాష, చరిత్ర, భూగోళం, సంస్కృతి, రాజకీయ వ్యవస్థ అన్నీ గ్రీకులోనే. చాలామందికి ఇదే పెద్ద గండం. వెళ్లిన మొదటి నెలలోనే భాష మొదలుపెట్టండి, ఏడో ఏడు దాకా ఆగొద్దు.

రిస్కు: ఇల్లు అమ్మేస్తే వీసాకు ఆధారం పోతుంది. ఎయిర్‌బీఎన్‌బీ తరహాలో పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకిస్తే 50 వేల యూరోల జరిమానా. పౌరసత్వంలో మనవాళ్లకు అంతకన్నా బాధ కలిగించే విషయం ఉంది. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. గ్రీకు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం, దాంతోపాటు ఇక్కడి ఓటు పోతాయి. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డున్నా ఊళ్లో పొలం కొనలేరు. ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడండి.

వ్యాపారం హైదరాబాద్‌లోనే ఉండి, యూరప్‌కు రాకపోకలే కావాలంటే వీసా. కానీ దాంతో అక్కడ ఉద్యోగం చేయడానికి లేదు. ఇప్పటికే అక్కడ పని చేస్తూ, పిల్లల్ని గ్రీకు బడిలో చదివిస్తున్నవాళ్లకు పౌరసత్వమే సరైన దారి.